అమ్మ కోపం వేరు, మీ కోపం వేరు

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు నలభై ఆరేళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్న పుస్తకాల్లోంచి చలం ‘మైదానం’ తీసి మొదటి పేజీ తిప్పానో లేదో అమ్మ చూసింది. ఒక్క మాట కూడా అడగకుండా చెంప పగలగొట్టింది. ఆ తర్వాత ఆ పుస్తకం కనిపించలేదు. మొన్న పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకుపెట్టెలో దొరికింది. ఇన్నేళ్లకు కూర్చుని చదువుతున్నాను. సగం దాటాను.

అందులో కథ చెప్పే రాజేశ్వరి భర్తనీ ఇంటినీ వదిలి అమీర్‌తో వెళ్లిపోవడం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ ఏరు, ఆ ఇసుక, ఆ వెన్నెల చూసి నాకూ అక్కడే ఉండిపోవాలనిపించింది. రానురాను విసుగు మొదలైంది, తర్వాత కోపం వచ్చింది. అమీర్ మనసు ఇంకో అమ్మాయి మీదికి పోతే ఈవిడ దానికీ సర్దుకుపోతుంది. కడుపుతో ఉంటే అతను బిడ్డ వద్దంటాడు. దీనికోసమా ఆ ఇల్లు వదిలింది అనిపించి పుస్తకం మూసేశాను. రెండు రోజులకి మళ్లీ నేనే తెరిచాను.

మేము కొందరం కలిసి పుస్తకాలు చదివి మాట్లాడుకుంటాం. అక్కడ ఈ సంగతి చెబితే ఒకావిడ “నీలో ఇంకా మీ అమ్మ ఉంది” అంది. అది గుచ్చుకుంది. నేను నిజంగా మా అమ్మలా తయారయ్యానా? పుస్తకం పూర్తి చెయ్యాలా? మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. “నువ్వు చదివాక నాకివ్వు” అంటోంది. ఇవ్వనా? ఇంకోటి, నవ్వకండి. రైల్లో చదివేటప్పుడు న్యూస్‌పేపరు అట్ట వేసుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు

జవాబు: గుచ్చుకున్నదానితో మొదలుపెడతాను. మిగతావి తీరిగ్గా చూసుకోవచ్చు.

మీలో మీ అమ్మగారు ఉంటే ఉండొచ్చు. నాలో మా అమ్మ ఉంది, ముఖ్యంగా పాలు పొంగినప్పుడు. కానీ ఈ పుస్తకం దగ్గర మాత్రం మీరిద్దరూ ఒక పక్షం కాదు. రాజేశ్వరి ఎందుకు వెళ్లిందని ఆవిడ కోపం. వెళ్లింది సరే, అక్కణ్నించి ఎందుకు కదలదని మీ కోపం. ఆవిడ గడప దాటినందుకు తిట్టారు. మీరేమో, గడపే లేని చోటికి పోయి కూడా మళ్లీ ఒక గడప కట్టుకుని కూర్చుందేమిటని తిడుతున్నారు. పైకి రెండు తిట్లూ ఒకేలా వినిపిస్తాయి. మీ స్నేహితురాలు పొరబడింది అందుకే. ఆవిణ్ని కూడా ఏమీ అనకండి. ఒక తరం ఆడవాళ్లకి చలం పేరు ఒక జెండాలాంటిది. జెండాలో చిరుగుంది అంటే ఎవరికైనా కోపమే. అయితే, ఈ పుస్తకం నచ్చితీరాలి అనడానికీ, దీన్ని ముట్టుకోకూడదు అనడానికీ నాకు పెద్ద తేడా కనిపించదు. రెండు చోట్లా చదివే మనిషిని నమ్మడం లేదు.

మీ అమ్మగారి కోపం ఎక్కణ్నించి వచ్చిందో కొంచెం చూడాలి. నవల వచ్చింది 1927లో. రాజేశ్వరి బ్రాహ్మణుల ఇల్లాలు, ప్లీడరు భార్య. వెళ్లింది ఒక ముస్లిం యువకుడితో. ఇప్పటి లెక్కలో మనం వెంటనే అడిగేది, విడాకులు తీసుకుని వెళ్లొచ్చు కదా అని. ఆమెకి ఆ తలుపు లేదు. కొన్ని కులాల్లో ఆచారంగా తెగతెంపులు ఉండేవి కానీ ఆమె పుట్టిన ఇంట్లో ఆ మాటే లేదు. మద్రాసు రాష్ట్రంలో హిందువులకి విడాకుల చట్టం 1949లో వచ్చింది. దేశం మొత్తానికి హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. కాబట్టి 1927లో ఆమెకి మిగిలినవి రెండే. ఉండిపోవడం, లేదా ‘లేచిపోవడం’.

ఆ మాట గమనించారా? తెలుగులో ఆడది మాత్రమే లేచిపోతుంది. మగవాడు ‘వదిలేస్తాడు’, ‘దేశాలు పట్టిపోతాడు’, మరీ మంచివాడైతే ‘సన్యాసం పుచ్చుకుంటాడు’. కూర్చున్న చోటునుంచి ఒక మనిషి లేవడమే నేరమన్నట్టుగా తయారైన క్రియ అది. ఆ మాట తనకెంత కష్టంగా ఉంటుందో చెబుతూనే రాజేశ్వరి కథ ఎత్తుకుంటుంది. మీరు పదహారేళ్లప్పుడు తిప్పిన మొదటి పేజీలో ఉన్నది అదే. ముద్దులూ కౌగిళ్లూ తర్వాతి సంగతి.

చట్టం ఆమెను ఏమని చూసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ విసుగుకి దానితో సంబంధం ఉంది. భారత శిక్షా స్మృతి 497వ సెక్షన్ ప్రకారం పరాయివాడి భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ల దాకా జైలు వెయ్యొచ్చు. ఆడదానికి శిక్ష లేదు. వినడానికి దయలా ఉంటుంది. అసలు అర్థం వేరు. అమీర్ దొంగ, భర్త సొమ్ముగలవాడు, రాజేశ్వరి ఆ సొమ్ము. పోయిన వస్తువుని ఎవరు శిక్షిస్తారు? సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని కొట్టేసింది 2018లో, అంటే నవల వచ్చిన తొంభై ఒక్క సంవత్సరాలకి. తనంతట తను నడిచి వెళ్లానని రాజేశ్వరి చెప్పిన మాటని చట్టం ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది. ఆ కాలంలో ఒక ఇల్లాలు ‘నేను వెళ్లాను’ అని, అదీ ఏడవకుండా చెప్పడం అన్నిటికంటే పెద్ద రట్టు. ఏడుస్తూ చెప్పి ఉంటే మన వాళ్లు క్షమించేవాళ్లేమో.

మనదొక్కటే ఇలా అని కాదు. ‘మైదానం’ వచ్చిన మరుసటి ఏడాదే, 1928లో, లారెన్స్ అనే ఇంగ్లీషు రచయిత ‘లేడీ చాటర్లీస్ లవర్’ అనే నవలని ఇటలీలో సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. అందులోనూ ఒక పెద్దింటి భార్య, తన తరగతికి చెందని మగవాడు. ఇంగ్లండులో దాన్ని పూర్తి పాఠంతో వేసినందుకు పెంగ్విన్ వాళ్ల మీద 1960లో కేసు నడిచింది. ప్రభుత్వం తరఫు న్యాయవాది జ్యూరీని అడిగిన ప్రశ్న జగత్ప్రసిద్ధం: ఇది మీ భార్యగానీ, మీ నౌకర్లుగానీ చదవాలని మీరు కోరుకుంటారా అని. జ్యూరీలో ఆడవాళ్లు కూడా ఉన్నారన్న సంగతి ఆయనకి తట్టలేదు పాపం. పెంగ్విన్ గెలిచింది. అదే పుస్తకం అమ్మినందుకు బొంబాయిలో ఒక పుస్తకాల కొట్టాయనకి పడిన శిక్షని మాత్రం మన సుప్రీంకోర్టు 1964లో ఖాయం చేసింది. కోర్టు వాడిన కొలబద్ద 1868 నాటి ఇంగ్లండుది. సామాన్య పాఠకుడికి ఏమవుతుంది అని కాదు, తొందరగా చెడిపోయే మనసున్నవాళ్ల చేతిలో పడితే ఏమవుతుంది అని చూడాలట. 2014లో సుప్రీంకోర్టే ఆ కొలబద్దని పక్కన పెట్టింది.

ఇది ఎందుకు చెప్పానంటే, కోర్టులు పక్కన పెట్టినా ఇళ్లలో ఆ కొలబద్ద ఇంకా గోడకి వేలాడుతూనే ఉంది. మీ అమ్మగారు మిమ్మల్ని కొలిచింది దానితోనే. “మా అమ్మాయికి ఇవ్వనా” అని అడిగినప్పుడు మీ చెయ్యి కూడా కొంచెం దానిమీదికి వెళ్లింది. ఈ ఒక్క చోట మీ స్నేహితురాలి మాట నిజం.

ఇప్పుడు మీ కోపం దగ్గరికి వస్తాను. నాకు అదే విలువైనది.

నేను డిగ్రీ హాస్టల్లో చదివిన ‘మైదానం’ ప్రతికి అట్ట లేదు. ఎవరో గ్రాఫు కాగితం అంటించారు. చేతులు మారి మారి పేజీలు మెత్తని గుడ్డలా అయిపోయాయి. అందులో పెన్సిలుతో గీతలున్నాయి, కనీసం ముగ్గురివి. సహజంగా నేను కూడా ఆ గీతలున్న చోట్లు ముందు వెతుక్కున్నాను. ఏవో ఘాటైన వాక్యాలు దొరుకుతాయనుకున్నాను. దొరికినవి ఏమిటంటే నీళ్లు, ఇసుక, ఎండ, పడుకుని ఆకాశం చూడటం. నాకు చాలా నిరాశ అయింది. పెళ్లయి, ఒక కాపురం కొంత దూరం లాగాక అర్థమైంది ఆ ఆడపిల్లలు ఏం గీశారో. పిలిచేవాళ్లు లేని పగలు. ఎక్కడికెళ్లావు, ఎంతసేపటికొస్తావు అని అడిగే గొంతు లేని సాయంత్రం. మీరూ ‘అక్కడే ఉండిపోవాలనిపించింది’ అని రాసింది దాని గురించే కానీ అమీర్ గురించి కాదు. మీ ఉత్తరం మళ్లీ చదువుకోండి. అతని గురించి ఒక్క మంచి మాట లేదు.

సరే, ఆ మైదానంలో ఏముంది, ఏం లేదు? దీనికి చలాన్నే సాక్షిగా పిలుస్తాను. ‘స్త్రీ’ అనే పుస్తకంలో ఆయన అన్న మాట తెలుగునాట అందరికీ తెలుసు. స్త్రీకీ శరీరం ఉంది, దానికి వ్యాయామం ఇవ్వాలి. మెదడు ఉంది, దానికి జ్ఞానం ఇవ్వాలి. హృదయం ఉంది, దానికి అనుభవం ఇవ్వాలి. గోడల మీద రాసుకోదగ్గ మాట, రాసుకున్నాం కూడా. దాన్ని పక్కన పెట్టుకుని ‘మైదానం’ చూడండి. శరీరానికి ఏరుంది, ఎండ ఉంది. హృదయానికి అనుభవం, ఉక్కిరిబిక్కిరి అయ్యేంత. మెదడుకి? ఆమె చేతిలో ఒక పుస్తకం ఉందా? తనదైన పని, తన సంపాదన, కష్టం చెప్పుకోవడానికి ఒక ఆడ స్నేహం? ఆకాశం అంత పెద్దది ఇచ్చి, దాని కింద ఒకే ఒక్క మనిషిని పెట్టాడు. ఆ మనిషి ముఖం చిట్లిస్తే ఆమె లోకం మొత్తం మబ్బు పడుతుంది. ప్లీడరు గారింట్లో ఆమెకి బతుకు లేదు. ఇక్కడ బతుకంతా ఒక మగవాడే. మీకు విసుగు పుట్టిన చోటు ఇదే అనుకుంటాను. ఆ విసుగు పాతకాలపుది కాదు. సొంత జీతం, సొంత ఏటీఎం కార్డు ఉన్న మనిషికే అది పుడుతుంది.

మీరు ప్రస్తావించలేదు కానీ నాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, చెప్పకుండా దాటడం మర్యాద కాదు. అమీర్ ముస్లిం కావడం అప్పట్లో రట్టుకి సగం కారణం. ఆ సరిహద్దు దాటించినందుకు చలానికి దణ్ణం పెట్టొచ్చు. కానీ అమీర్‌ని మనిషిగా మనకి ఎంత చూపించాడు? కోరిక, కోపం, మొరటుతనం, అందం. అగ్రహారం గోడ లోపల నిలబడి బయటివాడిని ఊహించుకుంటే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. ముస్లిం ఇంట్లో పుట్టిన పాఠకురాలు ఈ నవల చదివితే ఆమె చిరాకు మీ చిరాకు కంటే వేరుగా ఉంటుంది. అది కూడా న్యాయమైనదే.

ఆ పైన, ఇది రాజేశ్వరి ‘నేను’ అని చెప్పుకునే కథ. రాసిన చెయ్యి మగవాడిది. కొన్ని చోట్ల ఆ ‘నేను’ గొంతు ఎంత నిజంగా ఉంటుందంటే, ఆయనకి ఇది ఎవరు చెప్పారా అనిపిస్తుంది. ఇంకొన్ని చోట్ల, ప్రియుడి ప్రతి తప్పునీ ప్రేమలో కలిపి మింగేసే ఆడదాన్ని ఒక మగవాడు కలగంటున్నట్టు ఉంటుంది. నా మటుకు నాకు ఈ రెండు రకాల పేజీలూ ఒకే పుస్తకంలో ఉండటమే దాన్ని బతికించింది. పూర్తిగా సరైన పుస్తకమైతే ఒకసారి మెచ్చుకుని బీరువాలో పెట్టేసేవాళ్లం. మీలాగా రెండు రోజులకి మళ్లీ తెరిచేవాళ్లం కాదు.

భాష సంగతి ఒక్క మాట. గ్రాంథికమే గౌరవమని పండితులు ఇంకా పట్టుబడుతున్న రోజుల్లో, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు రాశాడాయన. మీరు నిఘంటువు లేకుండా కోప్పడగలుగుతున్నారంటే అది ఆయన చలవే.

పూర్తి చెయ్యాలా అంటే, చెయ్యండి. బాధ్యతగా కాదు. సగంలో ఆపితే మీరు పోట్లాడుతున్న రాజేశ్వరి సగమే ఉంటుంది. ముగింపు నేను చెప్పను. అది చదివాక మీ కోపం తగ్గుతుందని కూడా మాట ఇవ్వను, నాకైతే పెరిగింది. చిన్న నవల, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఈసారి ఇంట్లో చదవండి. రైల్లో ప్రతి స్టేషన్‌కీ తలెత్తి చూస్తూ చదివే పుస్తకం కాదది. ఆ తర్వాత ఓల్గా ‘స్వేచ్ఛ’ అందుకోండి, 1987లో వచ్చింది. ఇల్లు, పెళ్లి, స్వేచ్ఛ అనే ఆ ముడినే ఒక స్త్రీ చేత్తో విప్పితే ఎలా ఉంటుందో చూస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీ బృందానికి నెల రోజులకి సరిపడా పోట్లాట దొరుకుతుంది.

చలాన్ని గురువుగా తీసుకోవాలా, కూడదా అన్న గొడవ మాత్రం పెట్టుకోకండి. ఆయన కూడా ఆ మైదానంలో ఆగిపోలేదు. 1950లో తిరువణ్ణామలైకి, రమణాశ్రమం నీడకి వెళ్లిపోయి, 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. రాసినవాడే దాటి పోయిన చోట పాఠకులు పాక వేసుకోనక్కర్లేదు.

అమ్మాయికి ఇవ్వండి. పంతొమ్మిదేళ్ల మనిషి ఓటు వేస్తుంది, తలుచుకుంటే పెళ్లి చేసుకుంటుంది, ఒక నవల చదవలేదా? తన ఫోన్‌లో కనిపించేవాటి ముందు ఈ పుస్తకంలోని శృంగారం తనకి పాతకాలం పెళ్లి ఫొటోలా ఉంటుంది. తను గట్టిగా అడ్డుకునేది అమీర్ దగ్గరే అయ్యుంటుందని నా అనుమానం. ఇచ్చేటప్పుడు ఉపన్యాసం వద్దు. “ఇందులో మంచి తీసుకో, చెడు వదిలెయ్” అని అసలు అనకండి. ఆ మాట అన్నారంటే అది పాఠ్యపుస్తకం అయిపోతుంది. కావాలంటే చెంపదెబ్బ కథ చెప్పి ఇవ్వండి. ఏ ముందుమాటా అంతకంటే బాగుండదు. తను చదివాక “ఎలా ఉంది?” అని అడగకుండా, “ఎక్కడ పుస్తకం మూసేశావు?” అని అడగండి. మీరు మూసిన చోటే మూసిందో లేదో నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఇక అమ్మగారు. ఉత్తరంలో ఆవిడ గురించి అంతా గడిచిపోయిన కాలంలోనే రాశారు కాబట్టి ఇప్పుడు ఉన్నారో లేదో నాకు అర్థం కాలేదు. ఉంటే మాత్రం ఒక పని చెయ్యండి. ఆ పెట్టెలో దొరికిందని చెప్పి పుస్తకం ఆవిడ ముందు పెట్టండి. ఆ దెబ్బకి సంజాయిషీ అడగకండి. నా లెక్క ఒకటుంది. ఆ పుస్తకంలో ఏముందో తెలియనివాళ్లు ముందు “ఏమిటే అది?” అని అడుగుతారు. ఒక్క మాట అడగకుండా చెయ్యి లేచిందంటే ఆవిడ చదివి ఉండాలి. చించి పొయ్యిలో పెట్టకుండా పెట్టెలో దాచింది కూడా ఆవిడే అయితే, మీ బృందంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి.

అట్ట సంగతి. నవ్వలేదు. నేను వేసింది గ్రాఫు కాగితం మీద ఇంకో కాగితం. ఎవరో చూస్తారన్న భయంతో వేసుకుంటుంటే తీసెయ్యండి. ఈ రోజుల్లో పక్క సీటువాళ్లు ఫోన్‌లోంచి తలెత్తితే కదా చూడటానికి. కానీ పాత ప్రతి అంటున్నారు, మూడు దశాబ్దాలు అటక మీద వేడికి ఉడికిన కాగితం, సంచిలో పెట్టి తీస్తుంటే అంచులు రాలిపోతాయి. మీ తర్వాత అమ్మాయి చదవాలి. న్యూస్‌పేపరు సిరా అంటుకుంటుంది, దాని బదులు పాత క్యాలెండరు కాగితం వెయ్యండి, మందంగా ఉంటుంది.